మూతల తుకారాం

తుకారాం సారుకు మూత లేని వస్తువు కనిపిస్తే ప్రాణం ఒప్పేది కాదు. అది తనదా, పరాయివాళ్ళదా అన్న పట్టింపు లేదు. చాయ్ గ్లాసు మీద సాసరు, సాసరు మీద కాగితం, ఆ కాగితం ఎగిరిపోకుండా దాని మీద సిరాబుడ్డి, సిరాబుడ్డికి బిగించిన మూత. ఇవన్నీ తీసేసరికి చాయ్ చల్లారిపోయేది. చల్లారిన చాయ్ తృప్తిగా తాగి ఖాళీ గ్లాసును బోర్లించేవాడు. ఆయన గద్వాల మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్ళూ మా ఆఫీసులో ఈగకు వాలే చోటు దొరకలేదు, మాకు వేడి చాయ్ దొరకలేదు.

నేను పన్నుల సెక్షన్లో గుమాస్తాను. మా బల్లలు పక్కపక్కనే. ఒకసారి మీటింగులో కమిషనరు గారు పెద్దగా ఆవలించారు. తుకారాం సారు చేతిలో ఉన్న ఫైలు తీసి ఆయన నోటికి అడ్డం పెట్టాడు. ఈగ పోతుందేమోనని పెట్టానని వివరణ కూడా ఇచ్చాడు. కమిషనరు గారు మిగిలిన మీటింగంతా పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నారు. ఆయన హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చారు. ఇక్కడి ఎండలకు, తుకారాం సారుకు ఇంకా అలవాటు పడలేదు.

వనపర్తిలో మా పెద్దనాన్న కూతురి పెళ్ళికి ఈయన్ను తీసుకుపోవడం నేను చేసిన సాహసం. బంతిలో కూర్చోగానే, పప్పు వచ్చేదాకా అన్నం మీద ఈగలు వాలతాయని తన విస్తరి మీద ఇంకో విస్తరి బోర్లించాడు. పక్కవాళ్ళవి ఊరికే వదిలేస్తాడా? అటు నలుగురికి, ఇటు నలుగురికి బోర్లించాడు. వడ్డించేవాళ్ళు వచ్చి చూసి, ఆ వరుసంతా తినడం అయిపోయిందనుకుని విస్తళ్ళు ఎత్తుకుపోయారు. మగపెళ్ళివారి పెద్దమనుషులంతా ఆ వరుసలోనే కూర్చున్నారు. మా పెద్దనాన్న ఆ తర్వాత నాతో చాలాకాలం మాట్లాడలేదు.

ఆయన భార్య రామేశ్వరమ్మది వేరే బాధ. ఆయన సొంతూరు నాగర్‌కర్నూలు దిక్కున తెలకపల్లి. పెళ్ళయి అక్కడ కాపురానికి పోయిన మొదటిరోజే ఇంట్లో కుండలన్నిటికీ మూతలు చూసి, వంట అంతా అయిపోయిందేమో అనుకుని పొంగిపోయిందట. తీసి చూస్తే అన్నీ ఖాళీ. ఆ మాట చెప్పి నవ్వుతూనే నాతో అనేది, "ఇంట్ల నేనొక్కదాన్నే మూత లేకుండ మిగిలిన అన్నా. గని ఒక్కటి మెచ్చుకోవాలె. నోరు మూసుకొమ్మని నన్ను ఒక్కనాడు అనలే."

ఇటువంటి మనిషి చేతికి ఊరి చెత్తను కప్పే పని వస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. అదే వచ్చింది. తొంభైల మొదట్లో, జూరాల దగ్గర ప్రాజెక్టు పనులు ఇంకా సాగుతున్న రోజులవి.

ఊరి చెత్తంతా ట్రాక్టర్లో తీసుకుపోయి రాయచూరు రోడ్డు వైపున్న ఒక పాత గుంతలో పోసేవాళ్ళం. ఎవరికీ ఏ బాధా లేదు. కానీ ఆషాఢం రాగానే పడమటి గాలి లేచేది. గుంతలో ఉన్న కాగితాలు, కవర్లు, ఈగలు అన్నీ టిక్కెట్టు లేకుండా బయలుదేరి ఊళ్ళోకి వచ్చేవి. అవి మొదట దిగేది సాలెవాళ్ళ వీధిలో. తెల్లవారుజామున వాళ్ళు వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి గంజి పట్టిస్తారు. తడి గంజి మీద కవరు వాలితే అతుక్కుంటుంది. ఈగ వాలితే అక్కడే సంసారం పెడుతుంది.

ఒకరోజు ఆ వీధిలో పెద్ద నేతగాడు ధర్మయ్య పాడైపోయిన పడుగు పట్టుకుని నేరుగా కమిషనరు గదిలోకి వచ్చాడు. దాన్ని బల్ల మీద పరిచాడు. తుకారాం సారు వెంటనే దాని మీద దినపత్రిక కప్పబోతే ధర్మయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సారూ, అంచుల నెమలిని నేస్తం, హంసను నేస్తం. ఈగను నేసుడు మా తాతలు నేర్పలే" అన్నాడు ధర్మయ్య.

కమిషనరు గారు చెత్తను తగలబెట్టమన్నారు. తగలబెట్టాం. మర్నాడు ధర్మయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి తెల్లపట్టు తెచ్చాడు. తెచ్చేసరికి అది తెల్లగా లేదు. మసి పడి బూడిద గుమ్మడికాయలా ఉంది. కమిషనరు గారు తల పట్టుకుని, "అయితే రోజూ సాయంత్రం దాని మీద ఏదో ఒకటి కప్పించండి" అన్నారు.

'కప్పించండి' అన్న మాట చెవిన పడగానే తుకారాం సారు ముఖం చూడాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచి నిలబడ్డాడు. ఏది కప్పితే బాగుంటుందో పరీక్ష చేసి చెప్తానన్నాడు. కమిషనరు గారు సరేనన్నారు. పాపం, ఆయనకేం తెలుసు.

గుంతలో సున్నంతో గీతలు గీసి, వరిమళ్ళ లాగా చెత్తను మడులు చేశాడు. ఒక్కో మడి మీద ఒక్కో రకం కప్పడం, తెల్లారి పోయి చూడటం. ఈగలెన్ని ముసిరాయి, కుక్కలు తవ్వాయా, గాలికి లేచిందా, వాసన ఎంత దూరం వస్తోంది. వాసన చూడటానికి నన్ను తీసుకుపోయేవాడు. తన ముక్కుకు మూడు మడతల రుమాలు కట్టుకునేవాడు కాబట్టి ఆయనకు వాసన తెలిసేది కాదు.

మొదట నూనె మిల్లు నుంచి పల్లికాయ పొట్టు తెప్పించాడు. అందంగా పరిచాం. సాయంత్రం గాలి లేచింది. పొట్టంతా ఎగిరి కమిషనరు క్వార్టరు వాకిట్లో కుప్పపడింది. గుంతలో చెత్త మళ్ళీ తేటగా కనిపించింది. కమిషనరు గారి వాకిలి మాత్రం బాగా కప్పబడింది.

తర్వాత వనపర్తి రైసు మిల్లు నుంచి ఊక బూడిద. ట్రాక్టరు డ్రైవరు మాసయ్య, నేను, సారు ముగ్గురం దాన్ని పోసి సారు ఇంటికి వచ్చేసరికి తల నుంచి కాళ్ళ దాకా బూడిదే. రామేశ్వరమ్మ తలుపు తీసి, ఎవరో శ్రీశైలం పోయే సాధువులనుకుని దండం పెట్టి చేటలో జొన్నలు తెచ్చింది. మాసయ్య కొంగు పట్టినట్టు తువ్వాలు పట్టి ఆ జొన్నలు పట్టుకుపోయాడు. ఇవ్వమంటే, సాధువుకు పెట్టినది వెనక్కు తీసుకోకూడదన్నాడు.

పేడ నీళ్ళు చల్లి అలికించిన మడి ఇంకా విచిత్రం. అది చెత్తే అనిపించనంత నున్నగా వచ్చింది. ఎండకు ఆరి చక్కటి కల్లంలా తయారైంది. గట్టు ఊరి దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు బండి ఆపి, ఇంత మంచి కల్లం ఎవరిదో అనుకుని ఆముదాలు ఆరబోసుకున్నాడు. ఆయన్ను లేపడానికి మాకు మధ్యాహ్నం దాకా పట్టింది. కింద ఉన్నది చెత్త అంటే నమ్మలేదు. అబద్ధమాడి కల్లం దగ్గర బాడుగ అడుగుతున్నామనుకున్నాడు.

ఇక టాకీసు వాళ్ళ పాత బట్ట బ్యానరు కప్పిన రోజు గురించి చెప్పకపోవడమే మంచిది. చెప్తాను. హీరో ముఖం పైకి వచ్చేటట్టు కప్పాం. పొద్దున పోయేసరికి ఆ ముఖానికి బంతిపూల దండ, ముందు పగిలిన కొబ్బరిచిప్పలు, రంగు కాగితాలు. కప్పినదాని కింద ఉన్న చెత్త కంటే పైన ఉన్న చెత్త ఎక్కువైంది.

మాసయ్య మొదటి నుంచీ ఒకటే మాట అంటున్నాడు. నాలుగు ట్రాక్టర్ల ఎర్ర మొరం మట్టి పోస్తే పని అయిపోతుంది కదా అని. చివరికి ఒక మడి మీద మొరం పోసి చూశాం. ఏం చెప్పమంటారు! ఒక్క ఈగ లేదు. కుక్క వచ్చి వాసన చూసి, ఇక్కడేమీ లేదనుకుని వెళ్ళిపోయింది. గాలికి ఒక్క కాగితం లేవలేదు. మొరం ఊరి చుట్టూ ఉంది, ఎవర్నీ అడగనక్కరలేదు. నేను, మాసయ్య చేతులు కలుపుకున్నాం.

తుకారాం సారు గుంత అంచు వరకు నడిచి, అక్కడ కూర్చున్న భీమమ్మతో ఏదో మాట్లాడాడు. భీమమ్మ రోజూ పొద్దున్నే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో వచ్చి చెత్తలో సీసాలు, కాగితాలు, ఇనుప ముక్కలు ఏరుకునేది. ప్రతి పరీక్ష తర్వాతా సారు ఆమె దగ్గరకు పోయి మాట్లాడేవాడు. రోజంతా అక్కడే ఉంటుంది కాబట్టి ఈగల సంగతి అడుగుతున్నాడని మేం అనుకునేవాళ్ళం. ఆ రోజు కూడా మాట్లాడి వచ్చి, తల అడ్డంగా ఊపాడు.

"పనికి రాదు" అన్నాడు.

మాసయ్య ట్రాక్టరు మీద నుంచి దిగి వచ్చాడు. "ఏంది సారూ పనికి రానిది? ఈగ లేదు, వాసన లేదు."

"మొరం నాకు పడదు."

"మీకు పడుడేంది సారూ, పోసేది చెత్త మీద గద."

ఆయన గొడుగు విప్పుకుని నడిచిపోయాడు. ఎండ కూడా లేదు. తల మీద ఆకాశం బోసిగా ఉండటం ఆయనకు నచ్చదు.

ఆ తర్వాత ఏటి ఒండ్రు పోసి చూశాం. బ్రహ్మాండంగా నిలిచింది. పనికి రాదన్నాడు. మొరంలో సున్నం కలిపి పోశాం. రాయిలా గట్టిపడింది. అసలే పనికి రాదన్నాడు. ఎంత బాగా కప్పితే అంత కోపం వచ్చేది ఆయనకు. కప్పడం కోసమే పుట్టిన మనిషి, తీరా మంచి కప్పు దొరికితే వద్దంటున్నాడంటే తలలో ఏదో బోల్టు జారిందని ఆఫీసంతా తీర్మానించింది. సాలెవాళ్ళ వీధిలో ఈగలు మాత్రం తగ్గలేదు. ధర్మయ్య కలెక్టరుకు అర్జీ పెడతానన్నాడు. కమిషనరు గారికి ఓపిక అయిపోయింది. సారుకు మెమో ఇచ్చారు. సోమవారం గుంత మొత్తం మొరంతో కప్పించాలి, అడ్డం చెప్తే సస్పెన్షను.

సోమవారం పొద్దున మొరం ట్రాక్టర్లు గుంత దగ్గర వరుసగా నిలబడ్డాయి. మాసయ్యది ముందు బండి. దాని ముందు తుకారాం సారు గొడుగు మూసి, నెత్తి మీద ఏమీ లేకుండా నిలబడ్డాడు. ఆయన బట్టతల అంత స్పష్టంగా ఊరికి కనిపించడం అదే మొదలు.

"కప్పొద్దు" అన్నాడు.

ఆయన నోట ఆ మాట విని మాసయ్య ఇంజను బంద్ చేశాడు. నేను పరుగెత్తి పోయి సారును పక్కకు తీసుకొచ్చాను. ఉద్యోగం పోతుంది, రిటైరుకు దగ్గర పడ్డారు, ఏందీ పిచ్చి అని అడిగాను. సారు కాలితో మట్టి గీశాడు.

"మొరం పోస్తె భీమమ్మ ఏం ఏరుకుంటది?" అన్నాడు.

నేను గుంత వైపు తిరిగి చూశాను.

"పొద్దుగూకినంక తెచ్చి పోస్తం. అప్పుడే మన్ను గప్పితె, పొద్దున ఆమె వచ్చేటాలకు ఒక్క సీసా కనవడది. నలుగురి పొయ్యిలు దాని మీదనే మండుతయి. ఎన్ని రకాలు జూసినా ఒకటే అడుగుతున్న, లేపొస్తదా అవ్వా అని. బూడిదైతె కండ్ల వడ్తది అన్నది. పేడది గట్టిపడ్తది అన్నది. మొరం జూసి ఏమనలే. ఊకె నా మొఖం జూసింది."

"గా ముచ్చట కమిషనరుకు చెప్తె అయిపోతుండె గద సారూ" అన్నాను.

"చెప్తె ఏమైతది? గుంతల ఎవ్వరు దిగొద్దని బోర్డు పెడ్తరు. గందుకే ఆ ముచ్చట గూడ కప్పిపెట్టిన." ఆయన నా వైపు తిరిగాడు. "జూడు, మల్ల తీయొచ్చేదాన్ని మూత అంటరు. పూడ్చినంక తీయరానిదాన్ని గోరి అంటరు. నాకు మూత గావాలె."

ఇన్నాళ్ళూ మేం ఈగల కోసం పరీక్షలు చేస్తున్నాం, ఆయన భీమమ్మ కోసం చేస్తున్నాడు. ఈగలూ పోవాలి, పొద్దున ఆమెకు చెత్తా దొరకాలి. రెంటికీ సరిపోయేది దొరకక అంత మనిషి ఊరి ముందు పిచ్చివాడయ్యాడు.

బండ్లను మధ్యాహ్నం దాకా ఆపమని మాసయ్యకు చెప్పాను. కారణం అడగకుండానే అతను బానెట్టు తెరిచి ఇంజను కరాబైందని కేకలు మొదలుపెట్టాడు. వెనక బండ్లవాళ్ళు దిగి తలా ఒక సలహా ఇస్తుంటే, బాగున్న ఇంజను ఎంత విప్పాలో అంత విప్పాడు. నేను సైకిలెక్కి సాలెవాళ్ళ వీధికి పోయాను.

ధర్మయ్య మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. ఉన్న సంగతి అంతా చెప్పాను. ఆయన చెయ్యి ఆపకుండా విన్నాడు. భీమమ్మ పేరు చెప్పినప్పుడు మాత్రం ఒక్కసారి పోగు తోసే నాడె ఆగింది. మధ్యలో ఒక పోగు తెగింది. దాన్ని నోటితో తడిపి ముడివేశాడు.

"పోగు తెగితె అతుక్కుంటం గని పడుగంత కోసి పారెయ్యం గద" అన్నాడు. "మాకు గావాల్సింది ఈగలు రాకుండుడు. ఆమె పొయ్యి ఆర్పుమని మేమెందుకంటం? ఆ సారు గిది ముందుగాల మాకెందుకు చెప్పలే?"

అడిగి తెలుసుకునే ఓపిక లేక ఈయన పిచ్చోడని ఊరంతా తిరిగి చెప్పింది ధర్మయ్యే. ఆ మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఉపాయం ఇద్దరం కలిసి ఆలోచిస్తే వచ్చింది. ప్రాజెక్టు పనుల దగ్గర ఖాళీ సిమెంటు సంచులు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని విప్పి, ఒకదానికొకటి కుట్టి పెద్ద దుప్పటి చేస్తే? అంచులకు రాళ్ళు కడితే గాలికి లేవదు. వేపాకు కాచిన నీళ్ళల్లో ముంచి ఆరేస్తే ఈగలు దగ్గరకు రావు. సాయంత్రం కప్పాలి, పొద్దున మడిచి పక్కన పెట్టాలి. ధర్మయ్య ఆ మధ్యాహ్నమే నాతో వచ్చి, మొరం వద్దు, మా వీధివాళ్ళమే కప్పు కుట్టిస్తామని కమిషనరుకు చెప్పాడు. ఫిర్యాదు ఇచ్చినవాడే మొరం వద్దంటే కమిషనరు గారు ఏమంటారు? వారం గడువిచ్చారు, అప్పటిదాకా మెమో పక్కన పెట్టారు.

వీధి వీధంతా కుట్టింది. ధర్మయ్య భార్య జమ్ములమ్మ దగ్గరుండి కుట్టించింది. కానీ సాలెవాళ్ళు సాలెవాళ్ళే. దుప్పటి తెచ్చి గుంత దగ్గర పరిస్తే మేం నోళ్ళు తెరిచాం. నాలుగు వైపులా ఎర్రటి అంచు! మిగిలిపోయిన దారాలతో వేశారు. ఒక కొసకు చెంగు లాగా గీతలు కూడా ఉన్నాయి. ఇదేందమ్మా అని అడిగితే జమ్ములమ్మ, అంచు లేకుండా కుడితే చేతులకు తోచలేదని చెప్పింది. ఆ రోజు నుంచి మా ఊరి చెత్త సాయంత్రం కాగానే గద్వాల చీర కట్టుకునేది. రాయచూరు బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూసి, అక్కడ ఏ దేవుడు వెలిశాడో అని దండాలు పెట్టుకునేవాళ్ళు.

తుకారాం సారు దుప్పటి చుట్టూ ఒకసారి తిరిగి, భీమమ్మ దగ్గరకు పోయాడు. ఆమె ఒక కొస పట్టి లేపి చూసింది. తేలికగానే లేచింది. అప్పుడు మా వైపు తిరిగి తల నిలువుగా ఊపాడు. ఇన్ని నెలల్లో అలా ఊపడం అదే మొదటిసారి. మాసయ్య ఈలవేశాడు.

నెల తిరిగేసరికి సాలెవాళ్ళ వీధిలో ఈగలు పలచబడ్డాయి. పడుగుల మీద కవర్లు అతుక్కోవడం ఆగింది. అయినా కమిషనరు గారికి నమ్మకం కుదరలేదు. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా నన్ను జీపెక్కించుకుని గుంత దగ్గరకు వచ్చారు. అప్పుడే సన్నగా తుంపర మొదలైంది.

మేం పోయేసరికి తుకారాం సారు దుప్పటి ఒక కొసను రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని కింద, వాన పడకుండా, భీమమ్మ, ఆమె తోటివాళ్ళు సీసాలు ఏరుకుంటున్నారు. మమ్మల్ని చూసి సారు బిగుసుకుపోయాడు. చేతులు దించితే ఆడవాళ్ళ మీద పడుతుంది, దించకపోతే కమిషనరుకు నమస్కారం పెట్టలేడు. ఎన్నాళ్ళో కప్పిపెట్టిన సంగతి అంతా ఎదురుగా బయటపడింది.

కమిషనరు గారు ఆ ఆడవాళ్ళను చూశారు, సారును చూశారు, మళ్ళీ ఆడవాళ్ళను చూశారు.

భీమమ్మకు ఆయన ఎవరో తెలియదు. ఇస్త్రీ బట్టలు వేసుకున్న మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉండటం మాత్రం కనిపించింది.

"ఓ అయ్యా, ఊకె నిలవడకపోతె గా కొస జర పట్టరాదు? సారొక్కడే ఎంతసేపు పడ్తడు" అంది.

కమిషనరు గారు బూట్లు విప్పి జీపులో పెట్టారు. చొక్కా చేతులు మడిచి, పోయి రెండో కొస పట్టుకుని పైకెత్తారు. నీళ్ళు మోచేతుల మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి.

"చాలా అమ్మా?" అని అడిగారు.

భీమమ్మ కింద నుంచి తల పక్కకు వంచి బయటికి చూసింది.

"ఇంకింత లేపు" అంది.